మా మేస్త్రిగారు

మన సంఘమువారు ఈ ప్రత్యేక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని నన్ను కోరినప్పుడు కొంత సంకోచించితిని. నేను కవిని గాను, పండితుడను గాను. నలువది సంవత్సరములు నూనె చేతులతో బ్రతికినవాడను. అయినను, తరతరములుగా ఇరుగుపొరుగు భాషల నడుమ స్థిరపడిన మన కుటుంబములలో, విద్యావంతులనిపించుకొనకయే ఒక విద్యను నిలిపినవారు కొందరు కలరు. వారి పేరు ఏ శాసనమునను ఉండదు. అట్టివారిలో ఒకరిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట నా ఋణమని తలచి కలము పట్టితిని.

ఆయనను కార్మికులందరును 'మేస్త్రి' అనియే పిలిచెడివారు. ఇచ్చటను నేనట్లే వ్రాసెదను. కోలారు ప్రాంతమున నాలుగు తరములనుండి ఉన్న తెలుగు కుటుంబము వారిది. చదువు కన్నడ బడిలో ఐదారు తరగతులు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వముతో కలిసి బెంగుళూరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమును స్థాపించిరి. ఆ తొలిదినములలోనే మేస్త్రిగారు అందు కూలివానిగా చేరిరి. 1943లో ఆ కర్మాగారము అమెరికా సైన్యపు వైమానిక దళమువారి చేతికి వచ్చినప్పుడు, ఇంజను విప్పుట, కూర్చుట వారివద్ద నేర్చిరి. యుద్ధానంతరము కాన్పూరులో పనికిరాకుండ చేసి వదలివేసిన లిబరేటరు బాంబరులను 1948 ప్రాంతమున బెంగుళూరునకు తెచ్చి బాగుచేసినారు. అవి 1968 వరకు మన వాయుసేనలో ఎగిరినవి. ఆ పనిలో తానును ఒక చేయి వేసితినని చెప్పునప్పుడు మాత్రము మేస్త్రిగారి కంఠము కొంచెము పైకి లేచెడిది.

ఆయన చేతిలో నలిగిన ఇంజను పేరు 'ట్విన్ వాస్ప్'. ప్రాట్ అండ్ విట్నీ వారిది. లిబరేటరునకు నాలుగు, డకోటాకు రెండు. నేడు జెట్ విమానములెక్కువారికి దాని స్వరూపము తెలియదు గనుక కొంచెము చెప్పవలసియున్నది. దానికి 14 సిలిండర్లు. ముందువరుసలో ఏడు, వెనుకవరుసలో ఏడు, పువ్వురేకులవలె చుట్టును అమర్చబడియుండును. ఘనపరిమాణము 1,830 ఘనపు అంగుళములు. బలము సుమారు 1,200 అశ్వశక్తి. సిలిండరునకు రెండేసి చొప్పున ప్లగ్గులు 28. ఒక్కొక్క వరుసలో ఒకే కడ్డీ క్రాంకుషాఫ్టును నేరుగా పట్టుకొనును. మిగిలిన ఆరు కడ్డీలును దానికే తగులుకొని నడచును. పుస్తకములలో దానిని 'మాస్టరు రాడ్డు' అందురు. మేస్త్రిగారు 'పెద్దన్న' అనెడివారు. మిగిలిన ఆరును 'తమ్ముళ్ళు'.

"పెద్దన్న ఒక్కడు కుదురుగా ఉంటే చాలప్పా, తమ్ముళ్ళు వాడి వెంటే పోతారు" అని ఆయన చెప్పినప్పుడు, పుస్తకములోని బొమ్మ చూచి మూడు దినములు తెలియని సంగతి నాకు ఒక్క క్షణములో తెలిసినది.

సిలిండర్లు ఏ వరుసన మండవలెనో కూడ ఆయన ఎక్కములవలె నేర్పిరి. "ఒకటితో మొదలుపెట్టు. తొమ్మిది కలుపు. పద్నాలుగు దాటేటట్టుంటే ఐదు తీసెయ్." చదువరులు వేళ్ళమీద లెక్కించి చూడవచ్చును: 1, 10, 5, 14, 9, 4, 13, 8, 3, 12, 7, 2, 11, 6, మరల 1. ఒక్క సిలిండరు తప్పిపోదు, ఒక్కటి రెండుమార్లు రాదు.

నేను హోసూరు తెలుగు బడిలో చదివి, 1965లో, పందొమ్మిదవ యేట ఆయన వద్ద చేరితిని. అప్పటికి ఆయన బెంగుళూరు కొలువు విడిచి, డకోటాలతో సరకులు మోయు ఒక ప్రైవేటు యజమాని మరమ్మతుశాలలో పెద్ద మేస్త్రిగా నుండిరి. ఆ సంస్థ పేరుతో మనకు పనిలేదు.

చేరిన రెండవ సంవత్సరమున జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. ఇట్టి ఇంజను కొంతకాలము కదలక నిలిచినచో నూనె మెల్లగా క్రిందికి జారి అడుగు సిలిండర్లలో చేరును. గాలి నొక్కుకొనును గాని నూనె నొక్కుకొనదు. అట్టి స్థితిలో ఇంజనును మొదలుపెట్టినచో కడ్డీ వంగును. వంగిన కడ్డీ వెంటనే విరుగకపోవచ్చును. కొన్ని గంటలు ఎగిరిన పిమ్మట ఆకాశమున విరుగవచ్చును. కావున మొదలుపెట్టుటకు ముందు ప్రొపెల్లరును చేతితో, రెక్క రెక్కగా లెక్కించుచు, తిరుగు దిక్కుననే త్రిప్పవలెను. ఎక్కడనైన పట్టినచో బలవంతము చేయక, అడుగు ప్లగ్గులు తీసి నూనె కార్చవలెను. వెనుకకు త్రిప్పుట మహాపరాధము; అట్లు చేసినచో నూనె లోనికి గాలి వచ్చు గొట్టములో దాగి, ఇంజను నడచునప్పుడు మరల సిలిండరులోనికి వచ్చును.

ఆనాటి తెల్లవారుజామున నేనును మరియొక కుర్రవాడును త్రిప్పుచుండగా ప్రొపెల్లరు పట్టినది. చలి ఎక్కువగా నుండెను. ప్లగ్గులు తీసినచో గంట పట్టును. ఇద్దరమును రెక్కకు వ్రేలాడితిమి. కదలలేదు. అటునిటు చూచి కొంచెము వెనుకకు త్రోసి, మరల ముందుకు లాగితిమి. తిరిగినది. నేను రిజిస్టరులో 'సరిగా తిరిగినది' అని వ్రాసి సంతకము చేసితిని.

మేస్త్రిగారు వచ్చి, "తిరిగిందా నాయనా?" అనిరి.

"తిరిగింది మేస్త్రీ" అంటిని.

"ఎన్ని రెక్కలు?"

"పన్నెండు."

ఆయన తల ఊపి, విమానము అవతల నున్న రెండవవానివద్దకు పోయి అదే ప్రశ్న వేసిరి. వాడు తొమ్మిది అనెను. మేస్త్రిగారు మమ్ము తిట్టలేదు. పైలట్టువద్దకు పోయి, ఈ దినము బండి కదలదని మాత్రము చెప్పివచ్చిరి. అడుగుననుండు ఎనిమిదవ సిలిండరు గొట్టమును నాచేతనే విప్పించిరి. గ్లాసెడు నల్లని నూనె నా మోచేతులమీదుగా కారినది.

అంతటితో పోలేదు. మేము వ్రేలాడిన బరువునకు కడ్డీ వంగినదో లేదో చూడవలెనని సిలిండరు కూడ దింపించిరి. రెండు దినములు పట్టినది. సరకు నిలిచిపోయినది. యజమాని వచ్చి కేకలు వేసెను. తీరా కొలిచి చూడగా కడ్డీ వెంట్రుకవాసి కూడ వంగలేదు. "ఇంత చేసి ఏమి కనుక్కున్నావు?" అని యజమాని ఎగతాళి చేసెను.

"వంగలేదని ముందే తెలిసుంటే విప్పేవాణ్ణి కాదు సామీ. తెలియదు గనక విప్పినాను" అని మేస్త్రిగారు చేతులు తుడుచుకొనిరి.

పిమ్మట రిజిస్టరు నా ముందుంచిరి. నేను ఆ పుట చింపబోతిని. ఆయన నా చేయి పట్టుకొని, "చింపొద్దు, చెరపొద్దు. ఒక్క గీత గీసి కొట్టెయ్. కొట్టేసింది కూడా చదివేదానికి కావాల. కింద నిజం రాయి" అనిరి. వ్రాసితిని. నా జీవితములో అంత కష్టముగా వ్రాసిన వాక్యము మరియొకటి లేదు. ఆ నెల యజమాని ఆయన జీతములో కోత పెట్టెనని, చాలా కాలమునకు వారి యిల్లాలు చెప్పగా గాని నాకు తెలియలేదు. ఆయన ఎన్నడును అనలేదు.

ఆ నియమమును ఆయన తనకును వర్తింపజేసికొనిరి. 1974లో ఒకనాడు వాల్వు సందు కొలిచి ఒక అంకె చెప్పిరి. నా కొలతకు అది సరిపడలేదు. గౌరవముచే ఊరకుంటిని. ఆయన నా ముఖము చూచి, "నీకెంత వచ్చింది?" అని అడిగిరి. చెప్పితిని. మూడవవానిని పిలిచి కొలిపించిరి. నా అంకెయే నిలిచినది. మేస్త్రిగారు తన అంకెను ఒక్క గీతతో కొట్టివేసి, క్రింద నాది వ్రాసి, "వేళ్ళకు తెలివి పోయింది" అని ఫీలరు గేజిని నా చేతిలో పెట్టిరి. ఆ దినము మొదలు ఆయన కొలత చెప్పలేదు. ఆ వారములోనే తన నోటుపుస్తకమును నాకిచ్చిరి.

ఆ పుస్తకమును గూర్చి చెప్పక ముగింపరాదు. అందలి లిపి కన్నడము, భాష తెలుగు. ఒకప్పుడు నేను ఆయనకు తెలుగు అక్షరములు నేర్పెదనంటిని. "తెలుగు నాలుక మీద ఉందప్పా. చేతికి కన్నడం వచ్చింది. రెండూ కలిసి బాగానే కాపురం చేస్తాన్నాయి" అని నవ్విరి. కన్నడ వ్రాత నాకు కష్టమగుటచే, నేను అందలి అంకెల పుటలు మాత్రమే వాడుకొంటిని. చివరి పుటలు నూనెకు ఒకదానికొకటి అంటుకొనియుండెను.

2018లో బ్రిటనులో బాగుచేయబడిన డకోటా ఒకటి 'పరశురామ' అను పేరుతో మన వాయుసేన పురాతన విమానముల దళమున చేరినదని పత్రికలో చదివి, ఆ పుస్తకమును పెట్టెనుండి తీసితిని. బెంగుళూరు బడిలో చదువుచున్న నా మనుమడు ప్రక్కన కూర్చుండెను. వానికి తెలుగు మాట వచ్చును, తెలుగు అక్షరము రాదు. వాడు అంటుకొనిన పుటలను పోస్టుకార్డు అంచుతో మెల్లగా విడదీసి, కన్నడమనుకొని పైకి చదువనారంభించెను. రెండు వాక్యములు చదివి, "తాతా, ఇది తెలుగే కదా!" అని ఆశ్చర్యపడెను. పెద్దన్న, తమ్ముళ్ళు, తొమ్మిది కలుపు, ఐదు తీసెయ్: అన్నియు వాని నోట వచ్చినవి. ఒక పుటవద్ద వాడిట్లు చదివెను:

"ఎనిమిది విప్పినాము. కడ్డీ బాగుండాది. పిల్లోడు కొట్టేసి రాసినాడు. చాలు."

ఈ పిల్లోడెవరని మనుమడు అడిగెను. నేనే అని చెప్పి, ఆనాటి సంగతి అంతయు వానికి చెప్పితిని. పన్నెండు రెక్కలని అబద్ధమాడిన మాట కూడ దాచలేదు.