కొంచెం జరగండి

ఈసారి ఒక్క మాట గురించి రాస్తాను: జరగడం. ఈ మాట నాకు వచ్చనే అనుకున్నాను. "ఏం జరిగింది?" అంటే "ఏమైంది?" అని. అంతవరకే తెలుసు.

నేను డాలస్‌లో పుట్టాను. మా అమ్మమ్మ తెనాలిలో ఉంటుంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో అడుగుతుంది, "ఏం చదువుతున్నావు నాన్నా?" అని. నేను "కంప్యూటర్లు" అని చెప్పి ఫోన్ అమ్మకి ఇచ్చేస్తాను. ఆ తర్వాత చెప్పడానికి నా దగ్గర తెలుగు మాటలు ఉండవు. అమ్మమ్మకి ఇప్పుడు 84 ఏళ్ళు. ఇలా ఎన్ని ఆదివారాలు పోయాయో ఆలోచిస్తే భయం వేసింది.

పోయిన ఆదివారం ఫోన్ ఇవ్వలేదు. ఆ వారం క్లాసులో నా ప్రోగ్రామ్ తప్పు వచ్చింది. దాని గురించే చెప్పాను.

"అమ్మమ్మా, వరసగా ఆరు గళ్ళు ఉన్నాయి అనుకో. మొదటి అయిదింటిలో 10, 20, 30, 40, 50 ఉన్నాయి. ఆరోది ఖాళీ. దీన్ని అర్రే అంటారు."

"అరెరేనా?" అంది. ఇద్దరం నవ్వాం.

"ఇప్పుడు అన్నిటికంటే ముందు 5 పెట్టాలి. మిగతావన్నీ ఒక్కో గడి పక్కకి వెళ్ళాలి. నేను మొదటి గడి నుంచి మొదలుపెట్టాను. 10 తీసుకెళ్ళి రెండో గడిలో రాశాను. అక్కడున్న 20 చెరిగిపోయింది. రెండో గడిలో ఉన్నది మూడో గడిలో రాశాను. అది కూడా 10 అయింది. చివరికి ఆరు గళ్ళలోనూ 10 మాత్రమే మిగిలింది. కంప్యూటర్ ఒక్క మాట కూడా అనలేదు."

అమ్మమ్మ కాసేపు ఆలోచించింది.

"పెళ్ళిలో ఒక పెద్దాయన వచ్చాడనుకో. మొదటి కుర్చీ ఆయనకి ఇవ్వాలి. మొదటివాణ్ణి ముందే జరగమంటే రెండోవాడి ఒళ్ళో కూర్చుంటాడు! చివర ఉన్నవాణ్ణి ముందు జరగమను. పక్కన ఖాళీ కుర్చీ ఉందిగా."

సరిగ్గా అదే జవాబు! ముందు 50ని ఆరో గడిలోకి, తర్వాత 40ని అయిదో గడిలోకి, అలా వెనక నుంచి ముందుకి రావాలి. అప్పుడు ఏదీ చెరగదు. ఎడమవైపు జరపాలంటే మాత్రం మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎటు ఖాళీ ఉందో అటు నుంచి మొదలు, అదే సూత్రం. సీ భాషలో మెమ్‌మూవ్ అనే ఫంక్షన్ ఈ జాగ్రత్త తనే తీసుకుంటుంది. కానీ పని మాత్రం తగ్గదు. అయిదు సంఖ్యలుంటే అయిదూ కదలాలి, లక్ష ఉంటే లక్షా కదలాలి.

"అంటే నువ్వు అంకెల్ని జరుపుతున్నావన్నమాట," అంది అమ్మమ్మ.

నాకు పెళ్ళి జరపడం తెలుసు, పుట్టినరోజు జరపడం తెలుసు. కుర్చీని కూడా జరుపుతారని అప్పుడే తెలిసింది. మనంతట మనం పక్కకి వెళ్తే జరగడం. ఇంకోదాన్ని కదిపితే జరపడం. మీరూ రాసుకోండి.

ఆ రోజు 25 నిమిషాలు మాట్లాడాం. మధ్యలో రెండుసార్లు అమ్మని మాట అడిగాను, కానీ ఫోన్ నా చేతిలోనే ఉంది. పెట్టేసే ముందు అమ్మమ్మ అంది:

"వచ్చే ఆదివారానికి ఇంకో తప్పు చేసి ఉంచు నాన్నా. ఇద్దరం కలిసి చూద్దాం."