మూడుంబావు జీబీ

చోడవరంలో శుభలేఖలు, కరపత్రాలు కొట్టే డీటీపీ షాపుల్లో విండోస్ ఎక్స్‌పీ చాలాకాలం బతికింది. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు దానిమీద హాయిగా నడిచేవి మరి. కానీ 4 జీబీ ర్యామ్ వేసినా తెరమీద మూడుంబావే కనిపించేది. పాపం, ర్యామ్ అమ్మినవాణ్ని అనుమానించేవాళ్లు.

కారణం ర్యామ్ కాదు. మామూలు ఎక్స్‌పీ మెమరీలోని ఒక్కో బైటుకి ఇచ్చే 32 బిట్ల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే, అంటే 4 జీబీకి సరిపడా. గ్రాఫిక్స్ కార్డు వంటివి అందులోంచే కొన్ని పట్టుకుంటాయి. నాకు బాధ కలిగించేది వేరే. చిరునామాలను పొడిగించే పీఏఈ (ఫిజికల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్) పద్ధతిలో 64 జీబీ దాకా అందుకునే శక్తి 1995 నాటి పెంటియం ప్రో ప్రాసెసర్‌కే ఉంది! డ్రైవర్లు తట్టుకోలేవని మైక్రోసాఫ్ట్ 32 బిట్ల డెస్క్‌టాప్ విండోస్‌ను 4 జీబీ దగ్గరే ఆపేసింది. విండోస్ సర్వర్ 2003 ఎంటర్‌ప్రైజ్‌కి మాత్రం గేటు తీసింది. అప్పు చేసి ర్యామ్ కొన్న చిన్న షాపువాడికి ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.