మొక్కు ఒక్కసారిదే

మా అమ్మాయి గుడారం కొనుక్కొచ్చింది.

చీర కొనుక్కొస్తే అంచు చూస్తాం. గిన్నె కొనుక్కొస్తే మందం చూస్తాం. గుడారాన్ని ఏం చూడాలో తెలియక, "బాగుందే, ఎందుకూ?" అన్నాను. అదే నేను చేసిన పొరపాటు. ఎందుకని అడిగితే ఈ కాలం పిల్లలు దాచకుండా చెప్పేస్తారు.

మాదాపూర్‌లో మాది ఏడో అంతస్తు. హాల్లో సోఫా పక్కకి జరిపి, పది నిమిషాల్లో గుడారం నిలబెట్టేసింది. మావారు ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పి, పేపరు పట్టుకుని అందులో దూరారు. "భలే ప్రశాంతంగా వుందోయ్!" అన్నారు లోపలినుంచి. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఆయన ప్రశాంతతకి ఎవరు అడ్డొచ్చారో నేను అడగలేదు.

సంగతేమిటంటే, అమ్మాయీ మరో నలుగురు స్నేహితురాళ్ళూ కలిసి కొండల్లోకి పోయి, మూడు రాత్రులు అడవిలో పడుకుంటారట.

"హోటలా?"

"కాదమ్మా."

"గెస్టుహౌసా?"

"ఏమీ వుండదు. కుళాయి కూడా వుండదు. అదే దాని గొప్ప."

"మరి... పొద్దున్నే?" అన్నాను, మావారు వింటున్నారేమోనని గొంతు తగ్గించి.

అది సంచిలోంచి అరచెయ్యంత పార ఒకటి తీసి చూపించింది. అమెరికాలో ప్రభుత్వానివే నేషనల్ ఫారెస్టులని వున్నాయట. వాటిలో చాలాచోట్ల జనం తమకి తోచిన చోట గుడారం వేసుకోవచ్చట. అద్దె వుండదు, సదుపాయమూ వుండదు. మామూలుగా పద్నాలుగు రోజులు దాటి వుండకూడదు. వాగుకీ చెరువుకీ 200 అడుగుల దూరంలో మకాం పెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంట తవ్వుకుని, పని అయ్యాక పూడ్చెయ్యాలి. తెచ్చుకున్న చెత్త మోసుకుని తిరిగి రావాలి. వీళ్ళూ ఆ నియమాలే పాటిస్తారట.

"మన దేశంలో అలా ఎక్కడపడితే అక్కడ పడుకోనివ్వరుగా!" అన్నాను ఆశగా. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందనీ, అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టకూడదనీ ఎక్కడో చదివిన జ్ఞాపకం. జీవితంలో మొదటిసారి ఒక చట్టం మీద నాకు ప్రేమ పుట్టింది.

"తెలుసమ్మా. అందుకే హిమాచల్‌కి వెళుతున్నాం, అనుమతులు తీసుకునే. ఉత్తరాఖండ్‌లో అయితే కొండలమీది పచ్చికబయళ్ళలో రాత్రి మకాం వెయ్యకూడదని 2018లో అక్కడి హైకోర్టు చెప్పింది. అదీ కనుక్కున్నాం."

చట్టం తెలిసిన పిల్లతో వాదించి గెలవలేం. అందుకని వాదించకుండా "వద్దు" అన్నాను. తల్లులకి ఆ హక్కు ఏ సెక్షను కిందా రాసి వుండదు కాని, అమలు జరుగుతుంది.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. గుడారం మడతలు పడి బీరువా వెనక్కి చేరింది. మూడోరోజు మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూంటే, మా అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. పుట్టిందీ మెట్టిందీ ఆత్మకూరు దగ్గరి పల్లెలోనే. ఆ ఊళ్ళు మొన్నమొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఎన్నేళ్ళు మాదాపూర్‌లో వున్నా ఆవిడ మాట మాత్రం ఆత్మకూరు దాటి రాలేదు.

"పిల్ల అడివిలో పండుకుంటానంటే ఏమయితాది మ్మా? నేను ఐదుసార్లు పండుకుంటి," అన్నారు.

చిక్కుడుకాయ చేతిలోనే వుండిపోయింది.

శివరాత్రికి ఆత్మకూరు వైపునుంచి నల్లమలలో నడిచి శ్రీశైలం వెళ్ళే దారి వొకటుంది. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. నలభై కిలోమీటర్లకి పైమాటే. ఇప్పటిది కాదా దారి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్రలో చదువుకున్నాం. 1830లో మద్రాసునుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కూడా ఆత్మకూరునుంచి ఈ అడవి దాటే మల్లన్నని దర్శించుకున్నారు. మా అత్తగారి పేరు ఏ చరిత్రలోనూ లేదు కాని, ఆవిడా ఐదుసార్లు నడిచారన్నమాట!

"అంత మొక్కేమిటత్తయ్యా?"

"మొక్కు ఒగసారిదే. మీ ఆయన పుట్టల్లని మొక్కితి. పుట్టె, పోతి. రెండోసారి మా యత్తకు మోకాళ్ళనొప్పులని మొక్కితి. మూడోసారి ఎనుముకు జబ్బు చేసెనని. నాలుగోసారి మీ మామ పంచాయతీ ఎలక్షన్లలో గెలవల్లని."

"గెలిచారా?"

"యాడ గెలిచె! ఓడిపాయ. అయినా మొక్కు మొక్కే కదా, పోతి." ఆవిడ కాసేపు నవ్వి, చిక్కుడుకాయలు తనవైపు జరుపుకున్నారు. "పెద్దచెరువు కాడ ఆ ఒగ రాత్రి కోసరం మ్మా. వండే పని లేదు, వడ్డించే పని లేదు. నడిరాత్రి ఎవురికీ లేసి నీళ్ళిచ్చే పని లేదు. పండుకుని పైకి చూస్తే చుక్కలు. ఊరికే పోతానంటే ఎవురు పంపుతారు? దేవుని పేరు చెప్తే ఎవురూ కాదనలేరు."

అయిదోసారి ఏం మొక్కారని అడిగితే, గుర్తులేదన్నారు. లేచి వెళ్ళబోతూ అన్నారు: "నువ్వు చూడనిదాన్ని వద్దంటాండావు."

ఆ మాట నన్ను పొడిచింది. నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు. నవలల్లో నాయికల్ని కొండలెక్కించాను, వెన్నెల్లో నడిపించాను. గొళ్ళెం పెట్టని గదిలో మాత్రం ఒక్క రాత్రి పడుకోలేదు. గ్యాసు కట్టేశానా, తలుపు వేశానా అని రెండుసార్లు లేచి చూసుకోనిదే నాకు నిద్ర పట్టదు. పిల్లకి వద్దన్నది పిల్ల క్షేమం కోసమా, నా భయం కోసమా?

అలా పోయిన శివరాత్రికి నేనూ అమ్మాయీ బయల్దేరాం. మామూలు రోజుల్లో ఆ దారిన ఎవరినీ పోనివ్వరు, అది పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు అడవి అమ్రాబాద్ పేరుతో వేరైంది, ఇవతలిది నాగార్జునసాగర్ శ్రీశైలం పేరుతోనే వుంది. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం కొద్దిరోజులు నడిచేవాళ్ళకి దారి తెరుస్తారు.

అత్తగారు సజ్జరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటగట్టి ఇచ్చారు. అమ్మాయి గుడారం వీపున కట్టుకుంది. నేను మాత్రం మందుల డబ్బా, రెండు టార్చిలైట్లు, మూడు చీరలు, చివరిక్షణంలో ఒక తాళంకప్ప కూడా సర్దుకున్నాను. అడవికి తాళం ఎక్కడ వేస్తానని అమ్మాయి అడిగితే సిగ్గేసి తీసేశాను.

తెల్లవారుజామున వెంకటాపురంలో నడక మొదలుపెట్టాం. నాగలూటిలో వీరభద్రుడి పాత గుడి దగ్గర ఆగి, మెట్లెక్కాం. అరిగిన రాళ్ళు, మధ్యమధ్య ఊడిపోయిన రాళ్ళు. ఆకు రాలే కాలం కదా, అడవి పలచబడి వుంది. మోదుగలు మాత్రం ఒక్క ఆకు లేకుండా ఎర్రగా పూశాయి. ముసలమ్మలు చెప్పులు లేకుండా నన్ను దాటి వెళ్ళిపోతున్నారు. కొత్త బూట్లు వేసుకున్న నా మడమలు మధ్యాహ్నానికే బొబ్బలెక్కాయి. ఎవరో ఒకావిడ తన సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, "రాసుకో అక్కా," అని ఇచ్చి పేరైనా చెప్పకుండా ముందుకు సాగిపోయింది.

చీకటిపడే వేళకి పెద్దచెరువు చేరాం. ఆ పక్కన చెంచుల గూడెం. పండుగ రోజులు గనుక పందిళ్ళూ, అన్నం పెట్టే పుణ్యాత్ములూ వున్నారు. జనం తలా ఓ దుప్పటి పరుచుకుని ఎక్కడివాళ్ళక్కడ వాలిపోతున్నారు. అమ్మాయి చెట్లకింద చదునైన చోటు చూసి, గుడారం విప్పబోయింది. ఒక చెంచు ముసలమ్మ వచ్చి, చేత్తో వారించింది.

"ఆడ కాదు బిడ్డా. అది జంతువులు నీళ్ళకొచ్చే దావ. ఇటు రాండి."

నాకంటికి అక్కడ దారీ లేదు, తెన్నూ లేదు. ఆవిడకి మాత్రం మన రోడ్డంత స్పష్టంగా కనిపిస్తోంది. మల్లన్న చెంచుల ఆడపడుచుని పెళ్ళాడాడని వాళ్ళ నమ్మకం. ఆయన్ని చెంచు మల్లయ్య అనే పిలుచుకుంటారు. అంటే మేం వచ్చింది ఆవిడ అల్లుడింటికి. మేం అడవి అనుకుంటున్నది ఆవిడ పెరడు.

"ఈడ వుండను భయం లేదా అవ్వా?" అని అడిగింది మా అమ్మాయి.

"మీరంతా పోయినాంక నిమ్మళమే," అన్నదావిడ.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. దారి పొడుగునా ఖాళీ సీసాలు, కాగితం ప్లేట్లు. దేవుడి పేరు చెప్పి వచ్చినవాళ్ళం మేం. అమ్మాయి సంచికి కట్టుకున్న చెత్తసంచి అప్పటికే నిండిపోయింది. ముసలమ్మ దాన్ని చూసింది కాని, ఏమీ అనలేదు. వద్దన్న రోజు నేను వెక్కిరించిన ఆ చిన్న పార, ఆ 200 అడుగుల లెక్క నాకు గుర్తొచ్చాయి. ఆ నియమాలు పిల్లల వేడుక కాదు. ఒకరి ఇంటికి వెళ్ళినప్పటి మర్యాద.

ఇంతలో చంకన చంటివాడితో ఒకమ్మాయి, ఆమె వెనకే అత్తగారు వచ్చి మా పక్కన చతికిలబడ్డారు. పిల్లవాడు మంచుకి దగ్గుతున్నాడు. అమ్మాయి ఏమీ మాట్లాడకుండా గుడారం నిలబెట్టి, "మీరు లోపల పడుకోండక్కా," అంది. అంత ముచ్చటపడి కొనుక్కున్న గుడారంలో మొదటి రాత్రి అది పడుకోలేదు. మేమిద్దరం బయట ఒకే దుప్పటిలో ముడుచుకున్నాం.

బహుళపక్షం చివరి రోజులు. తెల్లవారేదాకా చంద్రుడు రాడు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాక, నాకు మొదట గుండె దడదడలాడింది. చుట్టూ గోడ లేదు. వేయడానికి తలుపు లేదు. దూరంగా ఏదో జంతువు అరిచింది. కణుతి అంది అమ్మాయి నిద్రమత్తులోనే, నా వేలు పట్టుకుని. అలవాటుగా గ్యాసు కట్టేశానా అని ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. గ్యాసూ లేదు, పొయ్యీ లేదు. నేను చూసుకోవలసిందేదీ అక్కడ లేదు!

అప్పుడు తల ఎత్తాను. మాదాపూర్‌లో మా బాల్కనీనుంచి ఆఫీసు మేడల దీపాలు తెల్లవార్లూ వెలుగుతూ కనిపిస్తాయి. ఆ వెలుగులో ఆకాశం ఎప్పుడూ బూడిదరంగే. ఇక్కడ చుక్కలమధ్య ఖాళీ చోటు వెతుక్కోవాలి.

కొంచెం అవతల నలుగురైదుగురు ఆడవాళ్ళు నిద్రపోకుండా కబుర్లు చెప్పుకుంటున్నారు. నడివయసు వాళ్ళు. ఒకావిడ ఏదో అంటే అందరూ నోటికి కొంగులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "తొందరేముందే, రేపు ఇంటికి పోతే వుండనే వున్నాది," అంది ఒక గొంతు. వీళ్ళలో ఎందరికి ఎన్ని ఎనుముల మొక్కులున్నాయో! ఇరవై ఏడేళ్ళ అత్తగారిని వాళ్ళ మధ్యన కూర్చోబెట్టి చూసుకున్నాను. చాలాసేపు చూశాను. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. ఒక్కసారి కూడా లేవలేదు.

మర్నాడు భీముని కొలను లోయలోకి దిగి, మళ్ళీ అవతలి కొండ ఎక్కేటప్పటికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. కైలాసద్వారం దగ్గర అమ్మాయి నా చెయ్యి పట్టి పైకి లాగింది. దర్శనానికి క్యూలో ఎంతసేపు నిలబడ్డామో చెబితే పుణ్యం తరుగుతుంది.

ఇంటికొచ్చి ప్రసాదం చేతిలో పెడితే అత్తగారు కళ్ళకద్దుకుని పక్కన పెట్టారు. మల్లన్న ఎలా వున్నాడని అడగలేదు.

"చుక్కలు అగుపడినాయా?" అన్నారు.

అగుపడ్డాయన్నాను. ఇంకేమీ చెప్పలేకపోయాను. "ఈసారి కారులోనైనా నాగలూటిదాకా తీసుకెళతాను అత్తయ్యా," అంటే, "కారులో పోయేదానికి అదేం అడివి మ్మా?" అని నవ్వేశారు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలుసు. ఆవిడ మోకాళ్ళకి ఇంట్లో వరండా చివరిదాకా నడవడమే ఇప్పుడు యాత్ర.

మే నెలలో అమ్మాయి హిమాచల్ వెళ్ళింది. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "వెళ్ళనా అమ్మా?" అని అడిగింది. నోమని చెప్పలేదు, మొక్కని చెప్పలేదు, ఆఫీసు పనని అబద్ధమాడలేదు. వెళ్ళాలని వుంది కాబట్టి వెళ్ళనా అని అడిగింది, అంతే. మా ఇంట్లో ఒక ఆడపిల్ల అలా అడగ్గలగడానికి రెండు తరాలు పట్టింది. "వెళ్ళు," అని, సంచి నేనే సర్దాను. మందులు, టార్చిలైటు, అగ్గిపెట్టె, చెత్తసంచి, ఆ చిన్న పార. కొబ్బరినూనె సీసా కూడా పెట్టాను.

ఇక రెండు రోజులు ఫోను అందదని చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గ్యాసు చూశాను, తలుపు చూశాను. మంచినీళ్ళు తాగి వస్తూంటే బాల్కనీలో అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని వున్నారు. ఆవిడకీ నిద్ర పట్టలేదట. ఆఫీసు దీపాలకి చెయ్యి అడ్డం పెట్టుకుని, పైకి చూస్తున్నారు.

"ఈపాటికి పండుకునుంటాది," అన్నారు.

నేనూ ఇంకో కుర్చీ తెచ్చుకున్నాను.