మూడో స్థానంవారి పట్టాభిషేకం

టోకియోలో రైలెక్కి దక్షిణంగా ముప్పావుగంట పోతే యొకొహామా రేవుపట్టణం వస్తుంది. అక్కడ కాన్నై స్టేషనులో దిగి రోడ్డు దాటగానే, చెట్ల నడుమ పెద్ద గిన్నెలాంటి గుండ్రని కట్టడం కనిపిస్తుంది. అదే యొకొహామా స్టేడియం. మనకు క్రికెట్టు ఎంతో జపానువారికి బేస్ బాల్ అంత. ఆ పిచ్చి చూడాలంటే అక్టోబరు నెలలో చూడాలి.

ఆ స్థలానికి పాతకథ ఒకటుంది. 1859లో ఈ రేవును విదేశీయులకు తెరిచారు. 1876లో ఇక్కడ ఒక పార్కు వేసి, దొరలూ స్వదేశీయులూ కలిసి తిరగడానికని ‘హిగా కోఎన్’ అన్నారు. అంటే ‘వారిదీ మనదీ’ అయిన తోట అన్నమాట. పేరులో సమానత్వమే గాని, ఆటస్థలం మాత్రం దొరలదే. టోకియో విద్యార్థులు ఆటకు రమ్మని పిలిస్తే ఎన్నో యేళ్లు వారు ఒప్పుకోలేదు. చివరకు 1896లో సరేనన్నారు. ఆ కుర్రవాళ్లు 29-4 తేడాతో ఓడించి పంపారు! చిన్నవాళ్లు పెద్దవాళ్లను పడగొట్టడం ఈ నేలకు కొత్త కాదు.

ఇప్పటి స్టేడియం 1978లో కట్టినది. ఇక్కడి జట్టు పేరు బేస్టార్స్. జపానులో జట్లు సాధారణంగా కంపెనీల సొత్తు. ఈ జట్టును 1950లో పెట్టింది చేపలు పట్టే కంపెనీ గనుక, మొదట దీనికి ‘తిమింగిలాలు’ అని పేరు. ఇప్పటి యజమాని ఇంటర్నెట్టు కంపెనీ. కాలమహిమ!

మొత్తం జట్లు పన్నెండు. సెంట్రల్ లీగులో ఆరు, పసిఫిక్ లీగులో ఆరు. మార్చి చివర మొదలుపెట్టి ఒక్కొక్క జట్టు 143 ఆటలు ఆడుతుంది. వెనకటి రోజుల్లో రెండు లీగుల విజేతలూ తిన్నగా జపాన్ సిరీస్‌లో తలపడేవారు. అయితే విజేత ఎవరో ముందే తేలిపోతే మిగతావారి ఆటలు చప్పబడిపోయేవి. అందుకని 2007లో రెండు లీగుల్లోనూ ‘క్లైమాక్స్ సిరీస్’ వచ్చింది. ముందుగా రెండో స్థానంవారు మూడో స్థానంవారితో మూడు ఆటలు ఆడతారు. అందులో నెగ్గినవారు లీగు విజేతపైకి వెళతారు. అక్కడ నాలుగు విజయాలు కావాలి. ఏడాదంతా పడ్డ శ్రమకు బహుమానంగా విజేతకు ఒక విజయాన్ని ముందే లెక్కలో వేసేవారు. ఆటలన్నీ విజేత సొంత మైదానంలోనే.

2024లో యొకొహామావారు 71 గెలిచి, 69 ఓడి మూడో స్థానంలో నిలిచారు. టోకియోకు చెందిన యొమియురి జెయింట్స్ లీగు విజేతలు. యొకొహామావారు ముందు కోషియెన్‌కు వెళ్లి హన్షిన్ టైగర్స్‌ను వరుసగా రెండు ఆటల్లో ఓడించారు. తరువాత టోకియో వెళ్లి మొదటి మూడు ఆటలూ గెలిచారు. ఇక అయిపోయినట్టే అనుకుంటుండగా జెయింట్స్ రెండు గెలిచారు. ముందే వేసిన ఆ ఒక్క విజయంతో మూడూ మూడూ సమానమయింది! ఆరో ఆటలో తొమ్మిదో ఇన్నింగ్సు దాకా ప్రాణం గొంతులోనే. కెప్టెన్ మాకి కొట్టిన దెబ్బతో యొకొహామా 3-2తో బయటపడింది.

ఆపైన జపాన్ సిరీస్. ఎదుటివారు ఆ యేడు 91 ఆటలు గెలిచిన ఫుకుఓకా హాక్స్. యొకొహామావారు సొంత ఊళ్లో రెండు ఆటలు ఓడి, ఫుకుఓకా వెళ్లి మూడూ గెలిచారు. నవంబరు 3న ఈ స్టేడియంలోనే 11-2తో పని పూర్తిచేశారు. 26 ఏళ్ల తరువాత వచ్చిన పట్టాభిషేకం అది. 1998లో గెలిచిన జట్టులో బంతి విసిరిన మియురా దైసుకే ఈసారి మేనేజరు.

యొకొహామావారి సంబరం సరే, మరి జెయింట్స్ మాటేమిటి? ఆరునెలల చెమట ఆరు రోజుల్లో ఆవిరైపోవలసిందేనా? జపానులో ఈ వాదం పాతదే. 2010లో పసిఫిక్ లీగు మూడో స్థానపు లొత్తే జట్టు గెలిచినప్పుడూ ఇదే గొడవ. ఏడాదంతా బాగా చదివిన పిల్లవాడు పరీక్షనాడు తడబడితే మన ఇళ్లలో ఏమవుతుందో తల్లిదండ్రులకు వేరే చెప్పాలా? ఆ ఒక్క కాగితం ముందు మిగతా చదువంతా లెక్కకు రాదు.

జపానువారు మాత్రం రెండు లెక్కలూ రాసుకున్నారు. జపాన్ సిరీస్ కిరీటం యొకొహామాది. 2024 సెంట్రల్ లీగు విజేత అన్నచోట జెయింట్స్ పేరు అలాగే ఉంది. దాన్ని ఎవరూ కొట్టివేయలేదు. పరీక్ష నెగ్గినవాడికి మెప్పు, ఏడాదంతా చదివినవాడికి గౌరవం. వాదం తీరలేదు గాని, రెండిటికీ చోటు మిగిలింది. మన పిల్లల విషయంలో మనమూ ఇలా రెండు లెక్కలు రాసుకుంటే బాగుండును.