బొర్రా గుహల్లో అమ్మ ఫొటో

అరకు రైల్లో బొర్రా గుహలకి వెళ్లాం... అమ్మా, నేనూ! చేతిలో కొత్త డిజిటల్ కెమెరా. ‘16 మెగాపిక్సెల్సండీ, జూమ్ చూడండి!’ అంటూ కొట్టతను అంటగట్టింది. తీరా లోపల శివలింగం దగ్గర అమ్మని నిలబెట్టి నొక్కితే... అంతా అలుక్కుపోయింది! ఆ రంగుదీపాల గుడ్డివెలుగులో గోరంత సెన్సారు మాత్రం ఏం చేస్తుంది చెప్పండి? ఫ్లాష్ వేస్తే అమ్మ ముఖం సున్నం కొట్టినట్టు, వెనక గుహ మాయం! అంతలో బ్యాటరీ కూడా అయిపోయింది.

ఇంటికొచ్చి జింప్‌లో (ఉచితమే లెండి) ఎంత తంటాలు పడ్డా, కదిలిపోయిన బొమ్మ కుదురుకోలేదు.

ఈమధ్య ఎఫ్/1.8 లెన్సు, అంగుళం రకం సెన్సారు ఉన్న సోనీ ఆర్‌ఎక్స్100, 2012 నాటిది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. స్పేర్ బ్యాటరీ కూడా సిద్ధం. అమ్మే, ‘ఆ మెట్లు ఇక నావల్ల కాదురా’ అంటోంది.