బొంత గోడ

పాత చీరల్ని ముక్కలు చేసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి కుట్టే బొంత తెలుసుగా! కశ్మీర్‌లో గోడను కూడా అలాగే కడతారు. దాని పేరు ధజ్జీ దీవారీ. ధజ్జీ అంటే గుడ్డ పీలిక, దీవార్ అంటే గోడ. మన మాటల్లో చెప్పాలంటే... బొంత గోడ!

ముందు రాతి పునాది మీద కర్ర చట్రం నిలబెడతారు. నిలువు గుంజలు, అడ్డ పట్టెలు, మధ్యమధ్యలో ఏటవాలు బద్దలు. ఆ గళ్లలో ఇటుకలో రాళ్లో పేర్చి మట్టి అడుసుతో పూడుస్తారు. శ్రీనగర్ పాత ఇళ్ల మీద ఆ కర్రలు ముగ్గు గీతల్లా బయటికి కనిపిస్తూనే ఉంటాయి. గోడ మందం చూస్తే ఒక ఇటుక వెడల్పే. ఇదేం ఆగుతుందిలే అనిపిస్తుంది.

కానీ ఆగింది! 1885 మే 30న కశ్మీర్‌లో భూకంపం వచ్చింది. శ్రీనగర్‌లో రాజభవనంలో కొంత భాగం, కొన్ని భారీ కట్టడాలు కూలినా, పడిపోయిన ఇళ్లు మాత్రం ఆశ్చర్యంగా తక్కువేనని అక్కడ పనిచేసిన వైద్యుడు ఆర్థర్ నీవ్ రాశారు.

2005 అక్టోబరు 8న మళ్లీ భూమి కంపించింది. తీవ్రత 7.6. నియంత్రణ రేఖకు అటూ ఇటూ 70 వేల మందికి పైగా చనిపోయారు. బరువైన రాతి గోడలు, సరిగా కట్టని కాంక్రీటు కప్పులు ఎన్నో కుటుంబాలను పొట్టన పెట్టుకున్నాయి. బొంత గోడల ఇళ్లు మాత్రం చాలాచోట్ల పగుళ్లతోనే బయటపడ్డాయి.

ఆ పగుళ్లలోనే ఉంది కిటుకంతా. మట్టి అడుసు సిమెంటులా గట్టిగా పట్టి ఉంచదు. కుదుపు రాగానే ఇటుకలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ కాస్త కదులుతాయి. సన్నటి పగుళ్లు ఎన్నో పడతాయి. అవన్నీ తలా కొంత ఊపును మింగేస్తాయి. ఒక గడిలో పగులు పక్క గడిలోకి పాకకుండా కర్ర అడ్డుకుంటుంది. పైగా గోడ పలచన, బరువూ తక్కువే.

భూకంపం తర్వాత పాకిస్థాన్ వైపు అధికారులు మొదట సిమెంటు ఇళ్లకే మొగ్గుచూపారు. కొండ ఊళ్లకు సిమెంటు చేరడమెలా? అక్కడివాళ్లు కూలిన ఇళ్లలోని కర్రలు ఏరుకుని, తాతల నాటి పద్ధతిలోనే కట్టుకోవడం మొదలెట్టారు. అది చూసిన ఇంజినీర్లు లెక్కలు వేశారు. 2006లో ఆ గోడకూ ప్రభుత్వ ఆమోదం దక్కింది.

డాబా కడితేనే గొప్ప అనుకునే రోజులివి. కర్రకు తడి తగలకుండా, చెదలు పట్టకుండా చూసుకునే ఓపికా తగ్గుతోంది. అయినా భూమి కుదుపు ఆగాక ఈ ఇంటికి చేయాల్సిందల్లా, చాలాసార్లు, రాలిన మట్టిని మళ్లీ మెత్తుకోవడమే. చిరిగిన చోట మాసిక వేసుకోవడం బొంతకు కొత్తేం కాదుగా!