హౌరాలో దిగిన సినిమాలు
హుగ్లీ మీది ఒక్క వంతెన ఏడు దశాబ్దాల్లో ఎన్ని రకాల కథలకు గుమ్మమైందో చూస్తే సినిమా ఎలా మారిందో తెలుస్తుంది

సికింద్రాబాద్ నుంచి వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది దాటగానే ప్రయాణికులు సీట్ల కింది సామాన్లు బయటకు లాగడం మొదలుపెడతారు. హౌరా దగ్గరపడిందని గుర్తు. ఆ హడావిడిలో దేవుల్టి అనే చిన్న స్టేషన్ వెనక్కి జారిపోవడం ఎవరి కంటా పడదు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, హౌరా జిల్లాలోని సామ్తా గ్రామంలో శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. తెలుగువాళ్లను తరాల తరబడి ఏడిపించిన దేవదాసు సృష్టికర్త ఇల్లది.

రైలు దిగి నది ఒడ్డుకు వస్తే ఎదురుగా వంతెన. 705 మీటర్ల పొడవు, 26,500 టన్నుల ఉక్కు. నది మధ్యలో ఒక్క స్తంభం లేదు. 1943 ఫిబ్రవరిలో రాకపోకలు మొదలైన ఈ కట్టడానికి 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టినా జనం నోట హౌరా బ్రిడ్జే మిగిలింది. తలమీద గంపలతో అవతలి గట్టున ఉన్న మల్లిక్ ఘాట్ పూల మార్కెట్ వైపు పరుగులు తీసే కూలీలు, కిక్కిరిసిన బస్సులు, కింద ఫెర్రీలు. మొదటిసారి వచ్చినవాడికి కూడా ఇదంతా ముందే చూసినట్టు అనిపిస్తుంది. చూసిందే మరి, వెండితెర మీద.

సినిమాలను రకాలుగా విడదీసి చదివేవాళ్లు జానర్‌ను ప్రేక్షకుడికీ నిర్మాతకూ మధ్య కుదిరిన మాటగా చెబుతారు. జానపద చిత్రమంటే కత్తియుద్ధం ఉండాలి, కుటుంబ చిత్రమంటే ఇల్లు విడిపోయి మళ్లీ కలవాలి. ఆ మాట ఎప్పుడు తప్పుతుందో అప్పుడే జానర్ మారుతుంది. ఈ చదువుకు కోల్‌కతా పాత చిరునామా. సత్యజిత్ రాయ్ మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టింది 1947లో. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో సినిమా అధ్యయనానికి ప్రత్యేక శాఖ వచ్చింది 1993లో. అయితే జానర్లు ఎలా మారతాయో తెలుసుకోవడానికి తరగతి గదే అక్కర్లేదు. హౌరా వంతెన దగ్గర నిలబడి, దీన్ని ఎవరెవరు ఎందుకు చూపించారని అడిగినా చాలు.

మొదటి జవాబు బిమల్ రాయ్‌ది. 1953 నాటి 'దో బిఘా జమీన్'లో రెండు బిఘాల పొలం నిలుపుకోవడానికి శంభు కొడుకుతో కలకత్తా చేరి రిక్షా లాగుతాడు. బల్‌రాజ్ సహానీ నటించిన ఆ సినిమాలో నగరమంటే అప్పు తీర్చుకునే ఆశ, చివరికి ఆ ఆశను మింగేసే నోరు. అయిదేళ్లకే, 1958లో, శక్తి సామంత తన సినిమాకు ఏకంగా 'హౌరా బ్రిడ్జ్' అనే పేరు పెట్టాడు. అన్న హత్య వెనుక గుట్టు తేల్చడానికి అశోక్ కుమార్ రంగూన్ నుంచి కలకత్తా వస్తాడు. మధుబాల క్లబ్బు, హెలెన్ నాట్యం, చీకటి సందులు. ఇక్కడ ఊరికి కొత్తగా వచ్చినవాడు బాధితుడు కాదు, అపరాధ పరిశోధకుడు. ఊరు అదే, వంతెన అదే. మారింది ప్రేక్షకుడికి ఇచ్చిన మాట.

అదే సామంత 1972లో 'అమర్ ప్రేమ్' తీసేటప్పటికి వంతెన విషాదానికి పరదా అయింది. రాజేశ్ ఖన్నా పడవలో కూర్చుని పాడే పాటను వంతెన కిందే తీయాలనుకున్నారు. జనం ఎగబడతారన్న భయంతో అధికారులు అనుమతించలేదు. చివరికి బొంబాయి నటరాజ్ స్టూడియోలో నీటి తొట్టె కట్టి ముగించారు. ప్రేక్షకులు మాత్రం ఆ పడవను హుగ్లీలోనే చూశామని నమ్మారు. ఒక జానర్ బలపడిందంటే దానికి అసలు స్థలంతో పెద్దగా పని ఉండదన్నమాట.

1992లో హాలీవుడ్ దిగింది. హౌరాలోని పిల్‌ఖానా బస్తీ ఆధారంగా దొమినిక్ లాపియెర్ 1985లో రాసిన 'సిటీ ఆఫ్ జాయ్'ని రోలండ్ జోఫె తెరకెక్కించాడు. పేదరికాన్ని అమ్ముకుంటున్నారంటూ షూటింగ్ సమయంలో నగరంలో నిరసనలు రేగాయి. ఓం పురి పాత్ర పల్లె విడిచి వచ్చి రిక్షా లాగుతుంది, అంటే శంభు కథే. కాకపోతే కథకు కేంద్రం అతను కాదు, అమెరికన్ డాక్టర్. కష్టం పడేవాడు పక్కకు జరిగి, దాన్ని చూసేవాడు హీరో అయ్యాడు. 2016లో వచ్చిన 'లయన్' మళ్లీ దారి మార్చింది. 1980లలో అయిదేళ్ల వయసులో రైల్లో తప్పిపోయి హౌరా చేరిన సరూ అసలు కథ అది. అందులో హౌరా కథకు గమ్యం కాదు, ఇంటి దారి తెగిపోయిన చోటు. ఆస్ట్రేలియాలో పెరిగిన అతను తన ఊరిని కంప్యూటర్ తెర మీది ఉపగ్రహ చిత్రాల్లో వెతికి పట్టుకున్నాడు.

తెలుగు సినిమాకు హౌరా రుణం వంతెన కంటే పాతది. శరత్ రంగూన్ నుంచి తిరిగొచ్చి 1916లో హౌరాలోని బాజే శిబ్‌పూర్‌లో కాపురం పెట్టాడు. 'దేవదాస్' పుస్తకంగా వచ్చింది ఆ మరుసటి ఏడే. 1935లో ప్రమథేశ్ బారువా బెంగాలీలో తీశాడు. మరుసటి ఏడాది హిందీలో తీసినప్పుడు కెమెరా పట్టింది బిమల్ రాయే. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి నటించిన 'దేవదాసు'తో మందు సీసా, శాలువా, దగ్గు తెలుగులో ఒక జానర్‌కు గుర్తులైపోయాయి. చక్రపాణి అనువాదాలతో శరత్ తెలుగు ఇళ్లలో మనవాడే అయ్యాడు. 'నిష్కృతి' నుంచి 'తోడికోడళ్లు' (1957), 'దత్త' నుంచి 'వాగ్దానం' (1961) వచ్చాయి. ఉమ్మడి కుటుంబ చిత్రాలని మనం సొంతంగా చెప్పుకునే వాటిలో కొన్నింటి వేళ్లు ఇలా బెంగాల్‌లో ఉన్నాయి.

ఆ భగ్నప్రేమికుడూ ఉన్నచోటే ఉండిపోలేదు. 2009 నాటి హిందీ 'దేవ్ డి'లో చావకుండా బతికి బయటపడ్డాడు. 2017లో 'అర్జున్ రెడ్డి' తాగి తాగి కూలబడినా చివరికి ప్రియురాలిని తిరిగి పొందాడు. పార్వతి గుమ్మం ముందు ప్రాణం విడవాలన్న పాత షరతును కొత్త ప్రేక్షకుడు ఒప్పుకోలేదు. షరతు రద్దయినా గడ్డం, సీసా మిగిలాయి. జానర్ చావదు, ఇల్లు మారుతుంది.

కలకత్తాలో అడుగుపెట్టిన తెలుగు హీరోకు మాత్రం వేరే పని పడింది. 1998లో గుణశేఖర్ తీసిన 'చూడాలని వుంది'లో చిరంజీవి కొడుకును వెతుక్కుంటూ ఈ నగరానికి వస్తాడు. శంభు తలవంచిన వీధుల్లోనే అతను రౌడీలను చితగ్గొడతాడు, నగరాన్ని పొగుడుతూ పాట పాడతాడు. పరాయి ఊరికి భయపడే వలస కథ, పరాయి ఊరిని గెలిచే మాస్ కథ అయింది. 2021లో 'శ్యామ్ సింగరాయ్' 1970ల నాటి బెంగాల్‌కు పునర్జన్మ కథతో వెళ్లింది. దానికి కోల్‌కతా వీధులు చాలావరకు హైదరాబాద్ సెట్లోనే లేచాయి. అమర్ ప్రేమ్ నీటి తొట్టెకు వారసత్వం లాంటిదే ఇది.

ఇన్ని జానర్లు వంతెన దాటినా ఒక కథ మాత్రం ఒడ్డునే ఆగిపోయింది. హుగ్లీకి రెండు వైపులా ఉన్న జూట్ మిల్లులకు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలు తరలివచ్చారు. అందులో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. మిల్లు లైన్ల ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టారు, కూలి డబ్బులు మనియార్డర్లుగా ఊళ్లకు పంపారు. వాళ్ల పిల్లలు, మనవలు బెంగాలీ, హిందీ, తెలుగు కలిపి మాట్లాడుతూ పెరిగారు. శంభు కథ వాళ్లదే కావాల్సింది. అయినా దేవదాసును హౌరా నుంచి తెచ్చుకున్న తెలుగు సినిమా, హౌరాకు వెళ్లిన తెలుగు కూలీ వైపు పెద్దగా చూడలేదు. రచయిత ఇంటినుంచి నవల రావడం తేలిక. మిల్లు గేటు నుంచి కథ రావాలంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి అడగాలి. ఏ జానరూ ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరి అనుభవం కథకు తగినదని అనుకున్నారో, వాళ్లచుట్టూనే అల్లుకుంటుంది.

ఇప్పుడు ఆ వంతెన పాత్రే మారుతోంది. 2024 మార్చి నుంచి హౌరా మైదాన్, ఎస్ప్లనేడ్ మధ్య మెట్రో నది కింది సొరంగంలో నడుస్తోంది. రైలు దిగినవాడు మెట్ల మీదుగా నేలలోపలికి వెళ్లి, ముప్పావు నిమిషంలో హుగ్లీ దాటేస్తాడు. నీళ్లు కనిపించవు, ఉక్కు కనిపించదు, పూల గంపలూ ఎదురుకావు. ఊరికి కొత్తగా వచ్చినవాడు తలెత్తి వంతెనను చూసే షాట్ మీద ఏడు దశాబ్దాలు ఆధారపడిన సినిమాకు ఇది చిన్న మార్పు కాదు. రేపటి శంభు కిటికీ అద్దంలో తన ముఖమే చూసుకుంటూ నగరంలోకి ప్రవేశిస్తాడు. అతని కథ ఏ జానర్‌లోకి వస్తుందో, అది ఈసారైనా తెలుగులో వస్తుందో రాదో చూడాలి.